పోయినేటి చిటికెడు

ఫ్లాస్కులో ఏమీ లేదు. ఉంది, ఉండాలి, రెండు గ్రాములకి కాస్త తక్కువగా ఆ నీళ్ళలోనే ఎక్కడో ఉండాలి, కానీ కంటికి ఆనడం లేదు. మంచుముక్కల గిన్నెలోంచి పైకి తీసి కిటికీకి ఎదురుగా పట్టుకుంటే దాని అవతల సరస్సు కనిపిస్తోంది, తూర్పుగాలికి మళ్ళీ ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఏప్రిల్ మంచుగడ్డలు కనిపిస్తున్నాయి, వాటి మధ్య దారి చేసుకుంటూ వస్తున్న ఇనుపరాయి మోసే ఓడ తలకిందులుగా కనిపిస్తోంది, నాకు కావలసింది తప్ప దులూత్ ఊరంతా కనిపిస్తోంది. గోడ గడియారంలో నాలుగింటికి పది నిమిషాలు తక్కువ. ఐదింటికల్లా ఎండిన స్ఫటికాలు తూచి, అవి ఎంత వేడికి కరుగుతాయో చూసి, కాగితం నింపి ఇచ్చెయ్యాలి. మధ్యాహ్నం రెండింటికి మా పదహారు మందికీ తలా ఒక పొట్లం ఇచ్చారు, మట్టిరంగు పొడి, పైన పేరు బదులు నంబరు, ఒక్కో నంబరు ఇద్దరు ముగ్గురికి, నాది ఏడు. దాన్ని వేణ్ణీళ్ళలో కరిగించి, బొగ్గుపొడి వేసి మరిగించి, వేడి మీదే వడగట్టి చల్లారనిస్తే మురికంతా పోయి తెల్లని స్ఫటికాలు దిగాలి. చెప్పడానికి ఇంతే. పదిహేను మందికి దిగాయి. నేను మాత్రం తిరునాళ్ళలో తప్పిపోయిన పిల్లని వెతుక్కుంటున్నట్టు నీళ్ళలోకి చూస్తూ కూర్చున్నాను.

ఈ పదహారు మందిలో ముప్పై ఏడేళ్ళదాన్ని నేనొక్కదాన్నే. మిగతావాళ్ళకి ఇరవై దాటలేదు. మొదటిరోజు నేను తలుపు తీసుకుని లోపలికొస్తే టీచరనుకుని ఫోన్లు లోపల పెట్టేశారు. నేను వెళ్ళి వాళ్ళ వరసలోనే కూర్చుంటే మళ్ళీ బయటికి తీశారు. ఈ కర్బన రసాయనం నేను చదవడం ఇది రెండోసారి. పదహారేళ్ళ కిందట మినియాపోలిస్‌లో చదువుకునేటప్పుడు దీంట్లో నాకు డి గ్రేడు వచ్చింది. డి అంటే తప్పినట్టూ కాదు, గట్టెక్కినట్టూ కాదు, గుమ్మంలో నిలబెట్టి మాట్లాడి పంపేసినట్టు. వైద్యకళాశాలకి దరఖాస్తు పెట్టాలంటే జీవశాస్త్రం, భౌతికశాస్త్రం, రసాయనం అన్నింట్లోనూ బి కి తగ్గకుండా ఉండాలని మా సలహాదారు చెప్పాడు. అందుకని మూడేళ్ళుగా ఉదయం ఉద్యోగం, మధ్యాహ్నం తరగతి, ఒక్కో టర్ముకి ఒక్కో కోర్సు చొప్పున పాత మెట్లన్నీ మళ్ళీ ఎక్కుతూ వచ్చాను. మిగిలింది ఇదొక్కటే. జూన్‌లో దరఖాస్తు. ఈ పరీక్షలో నూటికి ఎనభై వస్తే కోర్సులో బి. స్ఫటికాలు రాకపోతే నలభై దాటవు, అప్పుడు ఇదే కోర్సు మూడోసారి, మూడోసారి చదివినవాళ్ళ కాగితాలు ఎవరూ తెరిచి కూడా చూడరట. ఆ మాట చెప్పేటప్పుడు సలహాదారు నా మొహంలోకి చూడలేదు, బల్ల మీదున్న పెన్సిళ్ళు సర్దుకున్నాడు.

వింతేమిటంటే, ఇప్పుడు బి వచ్చినా ఆ పాత డి చెరగదు. దాని పక్కన కొత్తది చేరుతుంది, రెండూ కలిపి సగటు తీస్తారు. మొదట ఈ సంగతి తెలిసినప్పుడు మూడు రోజులు తిండి సయించలేదు. ఇప్పుడైతే అదే న్యాయమేమో అనిపిస్తుంది. ఆ డి ఎందుకు వచ్చిందో దరఖాస్తులో ఒక పేజీ రాయమంటారు. అందరికీ చెప్పుకోవడానికి ఏదో ఒక కష్టం ఉంటుంది, ఇంట్లో చావో, ఒంట్లో జబ్బో, రెండు ఉద్యోగాలో. నాకు ఏ కష్టమూ లేదు. అమ్మా నాన్నా నిక్షేపంగా ఉన్నారు, ఫీజు కట్టారు, ఆదివారం ఆదివారం ఫోను చేశారు. నేను భయపడ్డాను, అంతే. అర్థం కానిదాన్ని అర్థం కాలేదని అడగడానికి నామోషీ. అడక్క వెనకబడ్డాను, వెనకబడ్డానని తరగతికి వెళ్ళడం తగ్గించాను, తగ్గించానని ఇంకా వెనకబడ్డాను. ఇంత చిన్న సంగతిని పేజీ నిండా ఎలా రాయను? నెల కిందట చివరికి ఒక వాక్యం కుదిరింది, 'ఈసారి ఎవరి సాయమూ లేకుండా నా అంతట నేనే చేసుకున్నాను' అని. రాసుకుని మురిసిపోయాను. ఫ్రిజ్ తలుపుకి అంటించుకున్నాను కూడా, పాలు తీసినప్పుడల్లా చదువుకోవచ్చని.

అందులో రాయనిది ఒకటుంది. అప్పుడూ ఇదే ప్రయోగం, ఇలాగే తేటనీళ్ళు, ఇలాగే చుట్టూ అందరికీ వచ్చేశాయి. పావుగంట చూశాను. ఎవరినీ అడగలేదు. ఎవరూ చూడకుండా ఫ్లాస్కు తీసుకెళ్ళి, పనికిరాని నీళ్ళు పోసే డబ్బాలో ఒంపేశాను. నాకు కావలసిందంతా ఆ నీళ్ళలోనే ఉంది, నేనే చేతులారా పారబోశాను, ఆ సంగతి కూడా అప్పుడు తెలియదు. వెనక్కొచ్చి కూర్చుని పుస్తకంలో దిగుబడి నూటికి ఎనభై రెండు అని రాశాను. ఎనభై అని గుండుగా రాస్తే అనుమానం వస్తుందని రెండు కలిపాను. ప్రొఫెసర్ దాని పక్కన ఎర్రసిరాతో 'చాలా బాగుంది' అని రాశాడు. ఆ టర్ము మొత్తంలో నాకొచ్చిన మంచి మాట అదొక్కటే, అది కూడా లేనిదానికి వచ్చింది. ఇన్నేళ్ళయినా ఎనభై రెండు అనే అంకె ఏ కారు నంబరులోనో కనబడితే నా చెవులు వేడెక్కుతాయి. సిగ్గుకి కాలదోషం పట్టదనుకుంటాను.

ఈసారి ఎందుకు రాలేదో మాత్రం తెలుసు, తెలిసే కొద్దీ నవ్వూ ఏడుపూ కలిసి వస్తున్నాయి. మరీ శుభ్రంగా చేశాను. స్ఫటికం మొదలవడానికి పట్టుకోను ఏదో ఒకటి కావాలి, ఓ ధూళికణమో, గాజు మీద ఓ గీతో. పదకొండేళ్ళుగా డయాలసిస్ సెంటర్‌లో టెక్నీషియన్ని నేను, పరాయివాళ్ళ రక్తం తిరిగే గొట్టాల్లో నలుసు లేకుండా చూడటమే నా పని, ఆ చెయ్యి ఈవేళ మాత్రం ఎందుకు ఊరుకుంటుంది? అందరూ ఫ్లాస్కుని ఒకసారి తొలిచి పనిలో పడితే నేను మూడుసార్లు కడిగాను. అందరూ ఒకసారి వడగడితే నేను రెండుసార్లు వడగట్టాను. పాపం ఆ పదార్థం నిలబడటానికి ఆసరా లేకుండా అన్నీ తుడిచేశాను. డయాలసిస్ చేసేవాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యలేని తప్పు ఇది, అక్కడ ఇదే పనికి మెచ్చుకుని కాగితం ఇచ్చారు.

తెల్లవారి ఐదున్నరకి సెంటర్ తలుపు తీసి పన్నెండు కుర్చీల పక్కన పన్నెండు యంత్రాలని లేపుతాను. ఒక్కొక్కటీ చిన్న బీరువా అంత ఉంటుంది. నాలుగు గంటలు, వారానికి మూడు రోజులు, మనిషి రక్తాన్ని బయటికి తీసి, కడిగి, లోపలికి పంపుతుంది, అయినా మనిషి వాడిపోయే ఇంటికి వెళతాడు. పిడికిలంత మూత్రపిండం ఆ పనే చప్పుడు లేకుండా చేస్తుంది. రెండూ కలిసి రోజుకి నూట ఎనభై లీటర్లు వడగట్టి, అందులోంచి ఉప్పుని, చక్కెరని, నీటిని ఎంతెంత కావాలో అంతంత ఏరి మళ్ళీ ఒంటికి అప్పజెప్పి, చివరికి ఒకటిన్నర లీటరు బయటికి వదులుతాయి. మనం బఠాణీలు వొలుచుకుంటున్నా, పక్కింటివాళ్ళతో తగాదా పడుతున్నా వాటి పని వాటిదే. రెండేళ్ళ కిందట ఓ సాయంత్రం వంటింటి బల్ల దగ్గర ఈ లెక్క చదివి, పుస్తకం మూసి, రెండు చేతులూ వెనక నడుము మీద పెట్టుకుని కదలకుండా కూర్చున్నాను. అన్నేళ్ళు ఆ యంత్రం పక్కన నిలబడ్డాను, అది దేనికి బదులుగా ఉందో తెలియకుండానే నిలబడ్డాను. గుడి బయట చెప్పులు కాసినంత కాలం కాసి ఒకరోజు లోపలికి తొంగిచూసినట్టయింది.

మళ్ళీ చదువు మొదలుపెట్టించింది మాత్రం డెల్ఫీన్ అత్త నోరు. నాలుగో కుర్చీ ఆవిడది, మంగళ గురు శనివారాలు. పక్కనే ఒజిబ్వే అనే ఆదివాసుల నేల మీంచి వస్తుంది, డెబ్భై నాలుగేళ్ళు, అక్కడ పిల్లా పెద్దా అందరికీ అత్తే, మాకూ అత్తే. ఒకసారి ఆవిడ కాలి వాపు చూసి, డాక్టరు కంటే ముందే నేను మందు మోతాదు మార్చాలేమో అన్నాను. ఆయన వచ్చి అదే మాట అన్నాడు. ఆయన వెళ్ళాక అత్త నా చెయ్యి పట్టుకుని, ఆ డాక్టరు కుర్చీలో కూర్చోవాల్సినదానివి ఇక్కడ గొట్టాలు పట్టుకుని ఏం చేస్తున్నావు అని అడిగింది. నాకు డి వచ్చిందని, ఎప్పుడో అయిపోయిందని, ఇప్పుడు మొదలుపెడితే డాక్టరయ్యేసరికి నలభై ఏడొస్తాయని చెప్పాను. మొదలుపెట్టకపోతే రావా నలభై ఏడు, అంది.

అత్త వాళ్ళది చక్కెర కాచే కుటుంబం. మార్చిలో పగలు మంచు కరిగి రాత్రి మళ్ళీ గడ్డకట్టే రోజుల్లో మేపుల్ చెట్లకి గొట్టాలు దిగ్గొట్టి ఊటనీరు పడతారు. నలభై బిందెలు కాస్తే ఒక బిందె పాకం. ఆ పాకాన్ని ఇంకా కాచి, చెక్కతొట్టిలో పోసి, తెడ్డుతో తిప్పితే ఉన్నట్టుండి రవ్వ కట్టి చక్కెర అవుతుంది. అత్తకి మధుమేహం, ఆ చక్కెర నాలిక మీద వేసుకోకూడదు, అయినా ఏటా తొట్టి పక్కన కుర్చీ వేయించుకుని కూర్చుని మనవరాలి చేత తిప్పిస్తుంది. మొన్న మంగళవారం సూది గుచ్చుతుంటే ఆవిడ నన్నో ప్రశ్న అడిగింది.

"నిన్నటిదాకా చెట్టునీళ్ళే కదే అవి. అద్దంలా ఉంటాయి. తెడ్డు తగిలేసరికి చక్కెరవుతుంది. అంతదాకా ఎక్కడుంటుందే పిల్లా అది?"

నీళ్ళలోనే కరిగి ఉంటుంది అత్తా, ఎక్కువైపోయి ఇమడలేక బయటికొస్తుంది అని పుస్తకంలో మాట అప్పజెప్పాను. ఇమడలేకపోతే ముందే రావచ్చుగా, ఎవరికోసం ఆగుతుంది అంది. నేను సూది కదలకుండా పట్టీ అతికించాను. ఆవిడ గెలిచినట్టు నవ్వి, కంబళి కిందనుంచి బిర్చి చెట్టు బెరడుతో చుట్టిన చిన్న పొట్లం తీసి నా చేతిలో పెట్టింది.

"ఒక్కో ఏడు తెడ్డు తిప్పీ తిప్పీ చేతులు పడిపోతాయి, మాట వినదు. అప్పుడు పోయినేటిది చిటికెడు వెయ్యాలి. దానికి దారి తెలుసు. మా అమ్మ దాచేది, వాళ్ళమ్మ దాచేది. ఈ ఏటిది నువ్వు దాచు. వచ్చే మార్చికి నేనుండకపోతే మా మనవరాలికియ్యి. నువ్వు మాత్రం తినకు, నువ్వు డాక్టరయ్యాక నీ చేతి మందు తినే యోగం నాకెలాగూ లేదు, చెల్లుకి చెల్లు."

ఆ పొట్లం ఇప్పుడు బయట కొక్కేనికి తగిలించిన నా కోటు జేబులో ఉంది. ల్యాబులోకి తినే వస్తువులు తేకూడదు. ఈ నీళ్ళలో ఆ చక్కెర వేసినా ఏమీ జరగదు, ఏ పదార్థానికి ఆ పదార్థపు రవ్వే కావాలి, ఆమాత్రం చదువు ఒంటబట్టింది. నాలుగుంపావు. మంచుముక్కలు సగం నీరయ్యాయి, ఇంకో గిన్నెడు తెచ్చి పోశాను. కిటికీలో ఓడ వంతెన కిందికి వచ్చింది, కూత వేసింది, దారిచ్చి పైకి లేచిన వంతెన కూడా తిరిగి కూత వేసింది, పిల్లలందరూ ఒక్క క్షణం తలలెత్తారు. ఇక్కడ పుట్టినవాళ్ళకి ఆ కూతతోనే చలికాలం అయిపోతుంది. ఫ్లాస్కులో నీళ్ళు ఆ కూతకి కూడా వణకలేదు.

పక్కన హొదాన్ తన స్ఫటికాలు వడగట్టేసి కాగితం మీద ఆరబెట్టుకుంటోంది. పందొమ్మిదేళ్ళ పిల్ల, సోమాలీ వాళ్ళమ్మాయి, తలగుడ్డ అంచు నిప్పుకి తగలకుండా వెనక్కి దోపుకుని పనిచేస్తుంది, ఈ టర్మంతా నా పక్క బల్లే. నేను కారు బాగుచేయించుకోలేని వారాల్లో తనే నన్ను దింపింది. ఇందాకటినుంచీ నా వైపు చూస్తోంది, చూడనట్టు చూస్తోంది. చివరికి పెన్ను కింద పడేసుకున్నట్టు వంగి, గొంతు తగ్గించి అంది.

"అక్కా, నాదీ ఏడో నంబరే. ఒక్క రవ్వ తీసుకో. మేడమ్ అటు తిరిగింది."

తన గాజుకడ్డీ కొస మీద ఆ రవ్వ మెరుస్తోంది, ఉప్పుపలుకులో పదోవంతు ఉంటుంది. చెయ్యి చాపితే అందుతుంది, ఎవరికీ తెలియదు, తూకంలో తేలదు. పదహారేళ్ళ కిందట నా పక్కన ఇలాంటి పిల్ల లేదు కాబట్టి ఒంటరిగా అబద్ధమాడాను. ఇప్పుడు ఉంది, అయితే అబద్ధంలో తనకీ వాటా వస్తుంది. వద్దమ్మా అన్నాను. ఎందుకో చెప్పాలనుకున్నాను కానీ అప్పటికే చెవులు వేడెక్కుతున్నాయి. హొదాన్ కడ్డీ వెనక్కి తీసుకుంది, నొచ్చుకోలేదు, సరే మరి గట్టిగా గీకు అంది.

గీకుతూనే ఉన్నాను. ఫ్లాస్కు లోపలి గోడని గాజుకడ్డీతో గీస్తే ఆ సన్నని గీతలోంచి స్ఫటికం పుడుతుందని అందరికీ తెలుసు. కానీ నా చెయ్యి పదకొండేళ్ళుగా దేన్నీ గీరకుండా, చీరకుండా, నరం చిట్లనివ్వకుండా అలవాటు పడ్డ చెయ్యి, గాజు పగులుతుందేమోనని దానంతటదే మెత్తబడిపోతోంది. స్టెర్లే మేడమ్ నా వెనక వచ్చి ఎప్పుడు నిలబడిందో చూడలేదు. ఆవిడ ఇనుపగనుల ఊళ్ళో పుట్టిన మనిషి, గనిపనివాడి కూతురు, ముప్పై నాలుగేళ్ళుగా ఇదే ల్యాబులో పాఠం చెబుతోంది, ఇన్నాళ్ళలో ఎవర్నీ పొగడగా నేను వినలేదు. కాసేపు చూసి, గీకమంటే నిమురుతున్నావేమిటమ్మా, పాపాయా అది, అనేసి వెళ్ళిపోయింది. ఎదుటి బల్లవాళ్ళు నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి.

పరీక్ష నిబంధనల్లో ఆరోది ఇది: స్ఫటికాలు రానివాళ్ళు ప్రొఫెసర్‌ని అడిగి విత్తనంగా అదే పదార్థపు రవ్వ వేయించుకోవచ్చు, ఐదు మార్కులు పోతాయి, కాగితంలో 'సాయం తీసుకున్నాను' అని రాయాలి. ఐదు మార్కులు. ఇప్పటికే ఆలస్యమైంది, దిగుబడి తగ్గుతుంది, ఎలా లెక్కేసినా ఎనభైకి అటో ఇటో ఉన్నాను, ఆ ఐదే ముంచచ్చు. అసలు ఆగింది మార్కుల దగ్గర కాదని కూడా తెలుసు. ఫ్రిజ్ తలుపు మీద ఆ వాక్యం ఉంది. ఎవరి సాయమూ లేకుండా. గుడ్డలు కుట్టించుకున్నట్టు కొలతలు చూసి రాసుకున్న వాక్యం అది, ఇప్పుడు వెళ్ళి అడిగితే నాకు సరిపోదు.

చిన్నప్పుడు జనవరిలో నాన్న ట్రక్కులో రాత్రంతా ఉండిపోయిన నీళ్ళ సీసా గుర్తొస్తోంది. తెల్లారి బయట మైనస్ ఎంతో, సీసాలో నీళ్ళు మాత్రం నీళ్ళలాగే ఉన్నాయి. నాన్న రేవులో ఓడలకి తాళ్ళు కట్టే మనిషి, ఆయన మాటలు తక్కువ. చూడు కైసా, అని నన్ను పేరు పెట్టి పిలిచి సీసాని చూపుడువేలితో టక్కున కొట్టాడు. పైనుంచి కిందికి, నేను చూస్తుండగానే, తెల్లగా, ఈకలు ఈకలుగా గడ్డకట్టుకుంటూ దిగిపోయింది. నాకు ఆరేళ్ళు. అరవను కూడా లేదు, నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయాను. ఆ రోజంతా స్కూల్లో కనబడ్డ ప్రతిదాన్నీ వేలితో కొట్టి చూశాను, బల్లని, గోడని, టీచరు కాఫీ కప్పుని. ఆ తర్వాత ఎప్పుడో పెద్దదాన్నయ్యాను, దేన్నీ కొట్టి చూడటం మానేశాను, ఏమిటిది అని ఎవరినీ అడగటం మానేశాను. డాక్టరవడమంటే ఏమిటని నన్నడిగితే ఆ ట్రక్కులోకి మళ్ళీ ఎక్కడమే అనిపిస్తుంది, కానీ ఇది దరఖాస్తులో రాయడానికి పనికొస్తుందో లేదో తెలియదు.

ఎవరికోసం ఆగుతుంది, అంది అత్త. తనంతట తాను రాలేకే ఆగుతుందేమో. కావలసినదంతా లోపలే ఉండి కూడా, చిక్కగా, ఇమడలేనంతగా ఉండి కూడా, ఎలా పేర్చుకోవాలో మొదటి రవ్వ చూపించాలేమో. పదహారేళ్ళ కిందట లేచి వెళ్ళి అడిగి ఉంటే ఇవ్వాళ ఈ బల్ల దగ్గర ఉండేదాన్నే కాదు. డెల్ఫీన్ అత్త నోరు పారేసుకోకపోతే ఈ మూడేళ్ళు లేవు. హొదాన్ కారు లేకపోతే ఫిబ్రవరి తరగతులు లేవు. నా అంతట నేనే చేసుకున్నానట. పదకొండేళ్ళు నాలుగో కుర్చీ పక్కన కూర్చుని ఆ మాట ఎలా రాశానో. నాలుగున్నర. కుర్చీ వెనక్కి జరిపితే చప్పుడు పెద్దగా వచ్చింది, అందరూ చూశారు, చూస్తే చూశారు.

"మేడమ్, నాకు రావడం లేదు. విత్తనం కావాలి."

ఆవిడ కళ్ళజోడు మీంచి చూసింది. ఐదు పోతాయి తెలుసుగా అంది. తెలుసన్నాను. సొరుగులోంచి బొటనవేలంత సీసా తీసుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది. మీద పాత కాగితం అంటించి ఉంది, ఏడు అనే అంకె, దాని కింద ముప్పై నాలుగేళ్ళ కిందటి సంవత్సరం, సిరా వెలిసిపోయింది. ఫ్లాస్కుని మంచుముక్కల గిన్నెలోంచి తీసి కిటికీకి ఎదురుగా బల్ల మీద పెట్టి, ఇక కదపొద్దంది. సన్నని గరిటె కొసతో ఒక్క రవ్వ తీసింది, ఆవగింజలో సగం కూడా ఉండదు, నీటి మీద వదిలింది.

రవ్వ ఒక క్షణం తేలింది. తర్వాత మునిగింది. మునుగుతూనే దాని అంచు మెరిసింది, ఆ మెరుపు అంచునుంచి ఇంకో రేకు, ఆ రేకునుంచి ఇంకోటి, అభ్రకం పొరల్లా పలచగా, తళుకుతళుకుమంటూ, అది దిగుతున్న దారంతా తెల్లని తోక వేలాడింది. అడుగు చేరేలోపే తోక పక్కలకి విచ్చుకుంది, గోడలు అందుకుంది, నేను ఇందాక నిమిరిన గీతలన్నీ ఇప్పుడు గుర్తొచ్చినట్టు ఒక్కొక్కటే వెలిగాయి, ఒకచోట మొదలైంది ఎక్కడెక్కడో మొదలైంది, కంటికి ఎటు చూడాలో తెలియలేదు. ఊపిరి పది లెక్కపెట్టేంతసేపు. సరస్సు కనిపించడం మానేసింది, ఓడ మాయమైంది, నా ముందు గాజునిండా మంచు కురుస్తోంది. ఇదంతా ఇందాకటినుంచీ ఇక్కడే ఉంది. అద్దంలా ఉన్న నీళ్ళలో, నేను ఏమీ లేదనుకున్నచోట, ఇంతా ఉంది. ఒకప్పుడు నేను డబ్బాలో ఒంపేసింది దీన్ని. ఆ సంగతి ఇప్పుడు మళ్ళీ గుర్తొచ్చినా కళ్ళు తిప్పుకోలేకపోయాను. హొదాన్ తన పని వదిలేసి వచ్చి నా భుజం మీద గడ్డం ఆనించి చూస్తోంది. స్టెర్లే మేడమ్ కూడా వంగింది, ముసలి మోకాళ్ళు చప్పుడు చేశాయి.

"ప్రతి ఏడూ అనుకుంటా, ఈసారి చూడను, నా పని నేను చేసుకుంటానని. ఎప్పుడూ అయ్యేపని కాదు," అంది, నాతో కాదు, ఫ్లాస్కుతో.

ఆ తర్వాత చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. వడగట్టాను, ఐసునీళ్ళతో ఒకసారి కడిగాను, ఒక్కసారే, రెండోసారికి లేచిన చేతిని ఆపుకున్నాను. గాలి లాగించి ఆరబెట్టాను. సన్నని గొట్టంలో చిటికెడు వేసి వేడిచేస్తే నూట పద్నాలుగు డిగ్రీల దగ్గర తడబాటు లేకుండా ఒక్కసారిగా కరిగింది, మురికి ఉంటే అలా కరగదు. పట్టికలో చూస్తే అది నూరేళ్ళ కిందట జ్వరానికి ఇచ్చిన మందట. జ్వరం తగ్గేదట, కొందరి పెదవులు నీలంగా మారేవట, ఎందుకో తెలిసేసరికి చాలా ఏళ్ళు పట్టిందట. ఇచ్చిన డాక్టర్లు మంచివాళ్ళే అయి ఉంటారు. వాళ్ళని తలుచుకుంటే భయం వేసింది, ఆ భయం మాత్రం పాతది కాదు, ఇది దగ్గర ఉంచుకోదగ్గ భయం. తూకం ఒక గ్రాము ముప్పై ఎనిమిది. దిగుబడి నూటికి అరవై తొమ్మిది. అరవై తొమ్మిది అనే రాశాను, ఏమీ కలపలేదు. సాయం తీసుకున్నారా అన్నచోట అవును అని రాసి, ఎవరి దగ్గర అన్నచోట స్టెర్లే మేడమ్ అని రాసి ఆగాను. అక్కడ ఒక్క గీతే ఉంది, ఇంకో ఇద్దరు ముగ్గురి పేర్లు పట్టేంత చోటు లేదు.

ఐదింటికి రెండు నిమిషాలుండగా కాగితం ఇచ్చాను. ఆవిడ నిలబడే చదివింది, ఎర్రపెన్నుతో పక్కన అంకెలు వేసుకుంది, కూడింది, ఐదు తీసేసింది.

"ఎనభై నాలుగు," అంది. "ఆ పక్కకి రా. ఇంకా పనుంది."

ఎనభై నాలుగు. అంటే బి. పాత డి పక్కన ఒక బి, రెండూ కలిసి జూన్‌లో ఎక్కడికి వెళతాయో వెళతాయి. ఫ్రిజ్ మీది వాక్యం ఇంటికెళ్ళగానే తీసెయ్యాలి, దాని స్థానంలో ఏం రాయాలో కొద్దికొద్దిగా తెలుస్తోంది. రేపు శనివారం, నాలుగో కుర్చీ, అత్తకి ఏం చెప్పాలో మాత్రం బాగా తెలుసు, చెబితే ఏమంటుందో కూడా తెలుసు, ఇంతసేపు పట్టిందా నీకు అంటుంది. స్టెర్లే మేడమ్ ఆ బొటనవేలంత సీసాని మూత తీసి నా ముందు పెట్టింది. అడుగున వేలిగోరంత తెల్లని పొడి ఉంది. విత్తనం తీసుకున్న ప్రతివాళ్ళూ తమ దాంట్లోంచి చిటికెడు తిరిగి వెయ్యాలట. ముప్పై నాలుగేళ్ళుగా సీసా అలా అయిపోకుండా నడుస్తోందట. ఆ తీసుకున్నవాళ్ళలో ఇప్పుడు ఇద్దరు ఈ ఊరి ఆస్పత్రిలోనే డాక్టర్లట, పేర్లు చెప్పనంది.

నా కాగితం మీంచి ఒక చిటికెడు తీసి సీసాలో వేశాను. వచ్చే ఏడు ఎవరో, నాలాంటిదో, నీళ్ళలోకి చూస్తూ కూర్చుని ఉంటుంది. కిటికీ వెలుగుకి పట్టుకుని చూశాను. అందులో నాది ఏదో, ముందువాళ్ళది ఏదో పోల్చుకోలేకపోయాను. మూత బిగించి ఆవిడ చేతికిచ్చి, కోటు తీసుకోవడానికి బయటికి నడిచాను.